బస్సు పాట పాడిన పక్కింటాయన

మా పక్కింటి స్వీడన్ ఆయన కిందటి నెల కన్నుమూశారు. ఈ కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా శనివారం భజనకి కొత్తగా వస్తున్న మీరు, మూలనున్న డోలక్ ఎవరు వాయించేవారని అడుగుతున్నారు. నోటితో చెప్పబోతే మధ్యలోనే ఆపేసి వంటింట్లోకి వెళ్లిపోతున్నాను. అందుకే, ఉత్తరాలు రాయడం కూడా మానేసిన నేను ఇవాళ కలం పట్టాను.

వయసులో ఉండగా ఆయన తన దేశంలో ట్రాల్‌పంక్ అనే ఒకరకం రాక్ పాటల బృందంలో డ్రమ్స్ వాయించేవారు. పంక్ అంటే ఒట్టి అరుపులే అనుకునేదాన్ని. వాళ్లది అలా కాదు. సొంత భాషలో, కూనిరాగంలా నోటికి పట్టే వరసలో, మహా వేగంగా సాగుతుంది. పల్లవి రాగానే విన్నవాళ్లంతా అందుకోవాలి. ఓ రోజు ఆయన తన గ్యారేజీలో పాడుకుంటున్న ఒక పాట విని, ఇందులో దేవుణ్ణేమైనా తిడుతున్నారా అని నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

"దేవుణ్ణి కాదక్కా, బస్సు కంపెనీని," అన్నారు.

వాళ్ల ఊరికి బస్సు ఆపేశారట. పాటంతా ఆ కోపమే. నాకంటే పెద్దవారైనా, భజన ఆడవాళ్ల పిలుపు విని నన్ను అక్కా అనేవారు.

డోలక్ వాయించే ఆవిడ ఊరు మారాక, మొహమాటపడుతూనే ఆయన్ని పిలిచాను. మొదటి శనివారం మంగళహారతి ఎంత జోరుగా నడిపించారంటే, నేను కర్పూరం వెలిగించేలోపే పాట అయిపోయింది. అందరం రొప్పుతూ కూర్చున్నాం. ఇంకోసారి వాయించనా అని అమాయకంగా అడిగారు. స్వామికి ఆ రోజు రెండు హారతులు దక్కాయి. పులిహోరలో మిరపకాయలు ఏరకుండా తినేవారు, చెమటలు తుడుచుకుంటూ. "చరణం ఒకరిది, పల్లవి అందరిదీ," అనేది ఆయన మాట.

జబ్బు ముదిరాక ఒకటే కోరారు. తన వీడ్కోలు సభలో బస్సు పాట రికార్డు పెట్టకూడదు, నేను ఎత్తుకోవాలి. వాళ్లావిడ అమెరికన్, ఆ భాష రాదు. వీధి మొత్తంలో, గ్యారేజీలోంచి విని విని ఆ పల్లవి నోటికి వచ్చింది నాకే. భజనలో కూడా వెనక కూర్చుని పెదాలు కదిపే మనిషిని. నా గొంతు గది దాటదు అన్నాను.

"దాటక్కర్లేదు. మొదలుపెట్టు, చాలు."

మాటిచ్చాను. ఇక అంట్లు తోముతూ, దీపం పెడుతూ అదే వల్లించాను.

సభ ఆయన గ్యారేజీలోనే జరిగింది. నన్ను పిలవగానే లేచి ముందుకి వెళ్లాను. రాముణ్ణి తలచుకుని ఎత్తుకున్నాను. మొదటిసారి పాడింది నాకే వినబడలేదు. వాళ్లావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. రెండోసారికి మా భజన వాళ్లు అందుకున్నారు, మూడోసారికి వీధి వాళ్లంతా. రోడ్డు మీద కుక్కని తిప్పుకుంటున్న ఒకావిడ, ఎవరో మాకు తెలియదు, ఏ భాషో అడక్కుండా నిలబడిపోయి గొంతు కలిపింది. ఆ కుక్క తోక ఆడిస్తూ ఆవిడ మొహంలోకే చూస్తూ కూర్చుంది.

ఆయనకి పొగడ్తలు గిట్టవు. ఈ కాగితాలు మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపించకండి.