నాయిన వాపసు తీసుకోబోయిన సాక్ష్యం

మా నాయినను ఒకటి అడిగితే పది చెబుతాడు. రావల్కోల్‌లో అందరికీ తెలిసిన సంగతే, పాపం పోలీసులకే తెలియదు.

అత్వెల్లి దగ్గర రోడ్డు మీద చాచా కొడుకు ఒక ఆటో డ్రైవర్‌ని కట్టెతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు. చాచా అంటే నాయిన దోస్తు, మేకల వ్యాపారి. నాయిన నోరు తెరిచి పండ్లు చూసి, దాని వయసు చెప్పనిదే ఆయన మేకను కొనడు. మేకలు చూడటం వంక, రోజూ పొద్దున ఆయన ఇంట్లో చాయ్ తాగడం అసలు పని.

ఆ గొడవ నాయిన కళ్ల ముందే జరిగింది. పోలీసులు ఏం చూశావంటే కట్టె ఏ చెట్టుదో, పిల్లగాడి చొక్కా ఏ రంగుదో కూడా చెప్పాడు. రాసుకునే ఆయనకు చెయ్యి నొప్పి పుట్టింది. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక గానీ, తను ఎవరి కొడుకు మీద చెప్పొచ్చాడో ఆయనకు తలకెక్కలేదు.

మర్నాటి నుంచి చాచా ఇంటి వైపు పోవడం మానేశాడు. కొట్టింది వాళ్ల పిల్లగాడైతే, తేలు కుట్టిన దొంగలా తిరిగింది ఈయన. చెప్పింది వాపస్ తీసుకోమని చాచా అడుగుతాడేమోనని భయం. ఆయన అడగనే లేదు, అదింకో బాధ. ఆ కోపమంతా అమ్మ పెట్టిన చాయ్ మీద చూపించాడు. రోజుకో వంక పెట్టేసరికి అమ్మకు ఓపిక పోయింది.

"పోయి వాపస్ తీసుకో. లేకుంటే నీ చాయ్ నువ్వే పెట్టుకో," అంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయాడు. అక్కడి రైటర్ నవ్వాపుకుంటూ, "రాసింది వాపస్ ఇయ్యనీకి రాదు పెద్దాయనా. ఏం జెప్పుకున్నా ఇగ కోర్టులనే," అన్నాడు.

అక్కణ్ణుంచి సీదా చాచా దొడ్డికి. ఆయన మేకలకు తుమ్మకొమ్మలు కడుతున్నాడు. నాయిన వరమిస్తున్నట్టు మొహం పెట్టి, "పరేషాన్ గాకు భాయ్. కోర్టుల నేనేం సూడలేదని జెప్త," అన్నాడు.

చాచా ఒక మేకను లాక్కొచ్చాడు. "పండ్లు జూడన్నా."

నాయినకు ప్రాణం లేచొచ్చింది. దాని నోరు తెరిచి, "నాలుగు పండ్లేసింది," అన్నాడు.

"రేపు కోర్టుల సూసింది సూడలేదంటవు. ఎల్లుండి గీ మాట నేనెట్ల నమ్మాలె?"

నాయిన మేకను వదిలేశాడు.

"ఆడు నా కొడుకే. జైలుకు పోతడంటే నా కడుపు కాలుతాంది," అన్నాడు చాచా. "గని కొట్టిండు గద. నువ్వు గిట్ల మాట మారిస్తే నాకు కొడుకూ పాయె, దోస్తూ పాయె."

కోర్టుకు పిలుపు వచ్చేసరికి ఏడాది దాటింది. ముద్దాయి తెలుసా అని లాయర్ అడిగాడు.

"తెల్వకేంది సార్. నా చేతుల మీద పెరిగిండు."

"ఆ రోజు ఏం చూసినవ్?"

నాయిన పిల్లగాడి వైపు చూశాడు. "కొట్టిండు సార్. కట్టెతోని," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వెనక బెంచీ మీద చాచా తల దించుకున్నాడు.

బయటికొచ్చి నేను ఆటో కోసం చూస్తుంటే, చాచా బండి తెచ్చి మా ముందు ఆపాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎక్కన్నా," అన్నాడు. నాయిన వెనక కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.