కొమ్ముల మొగులయ్య

మొగులయ్య రాసిన అక్షరాన్ని చదవగలిగిన మనిషి మేడ్చల్‌లో దొరకడు. బోర్డులు రాసి బతికేవాడికి ఇంతకంటే దరిద్రపు గుణం ఉండదు. 'కిరాణం' అని రాయమంటే 'రా'కు వేర్లు, 'ణం'కు ముళ్లు మొలిచేవి. జనం కొట్టు ముందు నిలబడి "ఇది పురుగుల మందు షాపా?" అని అడిగేవాళ్లు.

ఈ రోగం అంటించింది మేమే. 2003లో కండ్లకోయ ఇంజినీరింగ్ కాలేజీలో మేం నలుగురం హెవీ మెటల్ బ్యాండ్ పెట్టాం. వాయించడం రాదు గానీ లోగో కావాలి. మాలో ఒకడైన సందీప్ వాళ్లన్న దాచుకున్న విదేశీ బ్యాండ్ల క్యాసెట్లన్నీ మొగులయ్య ముందు పరిచాం. పాతవాటి మీద పేర్లు గొడ్డలితో నరికినట్టు సూటిగా, చదవడానికి వీలుగా ఉన్నాయి. తర్వాతి వాటిలో అక్షరాల నుంచి నెత్తురు కారింది. ఆపైన ముళ్లొచ్చాయి, వేర్లొచ్చాయి. చివరివాటిలో పేరు పోయి పొద మిగిలింది.

"పేరు పెట్టుకునుడెందుకు, దాసుకునుడెందుకు?" అన్నాడు మొగులయ్య.

ఏదో ఇంగ్లీషు పేరు చెబితే పెదవి విరిచాడు. "ఇంగ్లీషుల కొమ్ములేడియి తమ్మీ? కొమ్ములంటే మన తెలుగుల ఉన్నయి. ఉకారమిస్తే కొమ్ము. కొమ్ములున్న పేరు జెప్పుండ్రి."

అలా మేం 'మృత్యువు' అయ్యాం. రెండు కొమ్ములు, కింద వట్రసుడి తోక.

గీసి, వెనక్కి జరిగి అడిగాడు. "సదవొస్తాందా?"

"వస్తాంది."

"అయితే ఖరాబైంది," అని ఇంకో నాలుగు ముళ్లు దించాడు.

లోగో అద్భుతంగా కుదిరింది. మా పాట మాత్రం కాలేజీలో ఎవరూ రెండోసారి వినలేదు. ముళ్లకు చెయ్యి తిరిగిన మొగులయ్య ఇక మామూలు అక్షరానికి రాలేకపోయాడు. ఈలోపు ఫ్లెక్సీలు వచ్చాయి. ప్రతి పనికిమాలినవాడూ తన ముఖం నిలువెత్తున వేయించుకున్నాడు, మొగులయ్య అన్నం పోయింది.

అప్పుడే సందీప్ వాళ్ల నాయిన లక్ష్మణ్ పటేలు శామీర్‌పేట దగ్గర ప్లాట్లు వేశాడు. మధ్యలో బుచ్చమ్మ జాగా అడ్డం. చేపలు ఎండబెట్టుకుని బతికే ముసలమ్మ. పటేలు ఎక్కడినుంచో ఓ పాత కాగితం పుట్టించి, జాగా తనదేనన్నాడు. ఫ్లెక్సీ కడితే చింపుతుందని, ఆమె గోడ మీదే 'ఈ జాగా లక్ష్మణ్ పటేలుది' అని రాయమని పని లేక ఉన్న మొగులయ్యను పంపాడు.

ఆదివారం కొనేవాళ్లు కారులో వచ్చారు. గోడ నిండా నల్లరంగు, దాని మీద ఎర్రటి కొమ్ములు, వేర్లు.

"ఇదేంటమ్మా?" అని బుచ్చమ్మను అడిగారు.

"నాకేమెరుక బిడ్డా."

డ్రైవరు 'చేతబడి' అన్నాడు. కారు వెనక్కి తిప్పడానికి కూడా ఆగలేదు, అలాగే రివర్సులో రోడ్డెక్కింది.

పటేలు ఉరికొచ్చాడు. వెనకే సందీప్, నేను. మొగులయ్య ఇంకా గోడ దగ్గరే ఉన్నాడు.

"ఏంది మొగులయ్యా ఇది?"

"మీ పేరే పటేలా."

"యాడున్నది?"

"గా కొమ్ముల కింద."

"ఎవడు సదువుతడురా దీన్ని?"

"మీ సందీపు సదువుతడు. అడుగుండ్రి."

మాకు పేరు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. సందీప్ గోడను చూశాడు, ఆరబెట్టిన చేపల పక్కన నిలబడ్డ బుచ్చమ్మను చూశాడు. "సదవొస్తలేదు నాయినా," అన్నాడు.

"నాకు గూడ," అన్నాను నేను.

బ్యాండుగా మేం ఒకే శ్రుతిలో పలికింది ఆ ఒక్కసారే.

పటేలు సున్నం వేయించాడు. సున్నంలోంచి ఎరుపు ఉబికి ఇంకా భయంకరంగా తేలింది. ఆ జాగాను ఎవరూ కొనలేదు. చుట్టూ ఉన్న చెలక పొలాలన్నీ మాత్రం ప్లాట్లయిపోయాయి. సందీప్ నాయిన వ్యాపారంలోనే చేరాడు. నేను ఆ ప్లాట్లకే బ్రోచర్లు చేస్తున్నాను. అందులో ప్రతి అక్షరం చక్కగా చదవొస్తుంది, ఒక్కటీ నిజం కాదు.

మొగులయ్యకు ఇప్పుడు బోర్డులిచ్చేవాళ్లు లేరు. అయినా ఏటా వానలు వెళ్లాక ఎర్రరంగు డబ్బా పట్టుకుని శామీర్‌పేట బస్సెక్కుతాడు. బుచ్చమ్మ గోడ మీద రంగు వెలిసిన కొమ్ములకు మెరుగు పెట్టి, వెనక్కి జరిగి అడుగుతాడు.

"అవ్వా, సదవొస్తాందా?"

"నాకు సదువేడిదిరా అయ్యా?"

"అయితే మంచిగున్నది."