పడవదోవ

1961. సూళ్లూరుపేటకు దగ్గర్లో, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక జాలర్ల ఊరు. నేను సర్వేయర్ని. ప్రతి దారినీ చైను, అంటే ఇనప గొలుసు, వేసి కొలిచి పేరు పెట్టాలి. బండ్లు తిరిగితే వీధి, మనుషులే నడిస్తే సందు. సందుకు కాస్త వెడల్పు వదిలి, మిగతా నేలను పోరంబోకుగా, అంటే సర్కారు ఖాళీ జాగాగా చూపాలి. తర్వాత దాన్ని ఇళ్లకు ఇచ్చేస్తారు.

సరస్సు నుంచి ఊళ్లోకి వచ్చే దారి దగ్గర నాకు తికమక పట్టుకుంది. అక్కడ బండి తిరగదు. వెడల్పు మాత్రం రథం పట్టేంత. ఊరివాళ్లు దాన్ని పడవదోవ అనేవారు. ఎలాగూ సందే రాస్తారన్న ధీమాతో, సరస్సు వైపు మొదటి ఇంటి చెంగయ్య అప్పుడే దారిలోకి రాటలు పాతి కంచె కట్టేశాడు. లోపలింటి కుప్పమ్మకు అది చూస్తే వణుకు. ఆమె కూతురు పచ్చి బాలింత.

"నీళ్లొచ్చిన నాడు పడవ ఇంటికాడికి రావాలయ్యా" అంది నాతో. నిబంధనల్లో పడవల మాటే లేదు. ఏమీ తేల్చలేక ఆ దారిని ఆఖరికి అట్టిపెట్టాను.

ఆ వారమే గాలివాన పట్టుకుంది. మధ్యాహ్నానికి సరస్సు ఊళ్లోకొచ్చింది. వానకు తలదాచుకోబోయి నేను కుప్పమ్మ ఇంట్లో చిక్కుకుపోయాను. నాకు ఈత రాదు. నీళ్లు గడప దాటి బాలింత మంచం కిందికి చేరాయి. పడవ వాళ్ల కేకలు దగ్గరికొచ్చి కంచె దగ్గర ఆగిపోయాయి. ఆ గాలిలో గడ వదిలి దిగితే పడవ కొట్టుకుపోతుంది.

కుప్పమ్మ చీర బిగించింది. "రాటలు పీకితేనే నా బిడ్డ దక్కేది. రాండయ్యా."

ఆమె వెనకే నేనూ దిగాను. నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. కంచె దగ్గర చెంగయ్య అప్పటికే ఒక రాటను ఊపుతున్నాడు. మంచం పట్టిన వాళ్లమ్మ ఇంట్లో ఉంది. "నా చేతులారా నేనే పాతినానే" అని ఏడుస్తూ పీకుతున్నాడు. ముగ్గురం ఒక్కొక్కటే పెకలించాం.

పడవ గాలికి గోడను రాసుకుంటూ లోపలికొచ్చింది. పసిగుడ్డును ముందు అందించాం, తర్వాత తల్లిని, ఆ తర్వాత చెంగయ్య తల్లిని. ఆఖరున మేమూ ఎక్కాం.

ఆ దారిని మొత్తం వెడల్పుతో వీధిగా రాశాను. పై అధికారి బండ్లేవని అడిగారు. పడవలు వస్తాయన్నాను.

"ఎప్పుడు?"

"ప్రాణం మీదికొచ్చినప్పుడండీ."

ఆయన సంతకం పెట్టారు.

తర్వాత ఏ ఊళ్లో కొలిచినా, ఆపద వేళ ఈ దారిన ఏం రావాలని ముందు అడిగేవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగం లేదు. అయినా మా వీధిలో ఎవరైనా అరుగు ముందుకు జరిపితే, మిగిలిన జాగాలో పడవ పడుతుందా అని చూస్తాను. నెల్లూరు నడిబొడ్డున పడవేమిటని మా ఆవిడ నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.