ముస్తాబు చేసిన గొంతులు

ఇంట్లో గువ్వ అని పిలుస్తారు గానీ, ఆ పిల్ల నోరు తెరిచిందంటే వీధి వీధంతా ఉలిక్కిపడాల్సిందే. అచ్చం వాళ్లమ్మ పోలిక. అమ్మది కూరగాయల బండి. అలాంటి గువ్వ కాలేజీ గేటు దాటగానే నోటికి తాళం వేసుకునేది.

ఆ వేసవి సెలవుల్లో కాలేజీవాళ్లు ఒక పథకం పెట్టారు. ఇంటిల్లిపాదిలో కంప్యూటర్ ముట్టుకున్నవాళ్లే లేని పిల్లలను ల్యాబులో చేర్చుకుని పరిశోధన నేర్పడం. బాగా చేసినవాళ్లకు ఏడాదంతా అక్కడే చోటు. ఆ చోటంటే గువ్వకు ప్రాణం.

మనుషులు మాట్లాడితే కంప్యూటర్ అక్షరాల్లో రాయాలి, అదీ అక్కడి పని. చదువుకున్నవాళ్ల మాట చక్కగా రాస్తోంది. మిగతావాళ్ల మాట ఎంతవరకు రాస్తుందో చూద్దామని, ఎవరింటి గొంతులు వాళ్లు రికార్డు చేసి తెమ్మన్నారు ల్యాబు మేడం.

గువ్వ గుట్టుగా అమ్మ గొంతు పెట్టి చూసింది. తెర మీద ఒక్క అక్షరం పడితే ఒట్టు! ఈ గొంతు పనికిరాదనుకుంది పిల్ల. ఇంకేముంది, చోటు గోవిందా!

చుట్టాలొస్తే చిరుగుల దుప్పటి దాచేసి కొత్తది పరిచే ఇల్లు వాళ్లది. గువ్వ తమ మాటకూ ఆ మర్యాదే చేసింది. అమ్మకూ, లారీ నడిపే మేనమామకూ వార్తలు చదివేవాళ్లలా మాట్లాడడం నేర్పింది. మేనమామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ ఫోను ముందు కూర్చున్నాడు.

“నేడు నేను లారీని నడిపితిని.”

“మామయ్యా, మరీ అంత వద్దు!”

“ఉండవే, మంచి ఊపులో ఉన్నా.”

కంప్యూటర్ పొల్లుపోకుండా రాసేసింది. మేడం మాత్రం విని, “మీ ఇంట్లో ఇలాగే మాట్లాడుకుంటారా?” అన్నారు.

“అవును మేడం,” అంది గువ్వ నేలచూపులు చూస్తూ.

“అయితే రేపు మీ అమ్మగారిని చూడాల్సిందే.”

మర్నాడు బండి దగ్గరకు రానే వచ్చారు.

“విచ్చేయండి. తమ రాకతో ధన్యులమైతిమి,” అంది అమ్మ చేతులు జోడించి. అంతలో ఎవరో ఒకాయన టమాటాలు నొక్కి నొక్కి చూడసాగాడు.

“ఏమయ్యోయ్! కొంటావా, పిసికి చంపుతావా? చెయ్యి తియ్యి ముందు!”

మేడం పకపకా నవ్వారు. తర్వాత గువ్వను పక్కకు పిలిచారు.

“నాకు కావలసింది ఈ గొంతమ్మా. కంప్యూటర్ ఎక్కడ తప్పుతోందో తెలిస్తేనే కదా దానికి నేర్పేది! నువ్వది దాచేస్తే ఇక పరిశోధన ఏముంది? ఎల్లుండిలోపు నిజం గొంతులు తీసుకురా. లేకపోతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను.”

ఆవిడ వెళ్లగానే గువ్వ ఫోను తీసి రికార్డింగు పెట్టింది. “అమ్మా, ఎప్పట్లాగే తిట్టవే.”

“ఊరికే తిట్టమంటే నోరెలా వస్తుందే? అది సరే, నాచేత ఆ వార్తల వేషం ఎందుకు వేయించావు?”

గువ్వ నసిగింది. “మన మాట వింటే... నన్ను తీసేస్తారేమోనని.”

అమ్మ తక్కెడ కింద పెట్టేసింది.

“ఓసి నీ దుంప తెగ! ఈ నోటితో అరిచి అరిచి నిన్ను చదివిస్తుంటే, ఈ నోరే నీకు నామోషీ అయిందా?”

గువ్వ బావురుమంది. అమ్మా ఏడ్చింది, ఏడుస్తూనే కూతురి దుమ్ము దులిపేసింది. ఫోనులో అంతా రికార్డయింది.

ల్యాబులో అది పెడితే తెర తెల్లగానే ఉండిపోయింది. మేడం సంబరంగా కుర్చీ లాగారు. “కూర్చో, ఇక ఈ చోటు నీదే. మీ అమ్మగారు ఏమన్నారో నువ్వే టైపు చెయ్యి. అది చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంది.”

గువ్వ టకటకా కొట్టుకుంటూ పోయి, ‘నామోషీ’ దగ్గర ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని ఆ మాటా కొట్టింది.