యాభై మీటర్ల లోతున తర్లగూడ మాటలు

నేను నౌకాదళంలో చీఫ్ పెట్టీ ఆఫీసరు హోదాలో డైవింగ్ సూపర్వైజరుగా ఉండగా, పదవీ విరమణకు కొన్నేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదట్లో మా జట్టును విశాఖలో ఉన్న డైవింగ్ నౌక మీదికి వేశారు. ఉత్తర్వులో పని పేరు మహా చప్పగా ఉంది: సముద్రగర్భంలో గుర్తు తెలియని అడ్డంకి పరిశీలన. ఇలాంటి పేరున్న పనులు చాలావరకు తెగిపోయిన లంగరు దగ్గరో, మునిగిన చేపల పడవ దగ్గరో తేలిపోతాయి. అందుకని నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు, సోనార్ బొమ్మ చూసేదాకా.

సోనార్ అంటే నీళ్లలోకి శబ్దాన్ని పంపి, అడుగున తగిలి తిరిగొచ్చినదాన్ని బట్టి బొమ్మ గీసే యంత్రం. సర్వే ఓడ తెచ్చిన ఆ బొమ్మలో, బురదలో సగం కూరుకుపోయిన పెద్ద కీరదోసకాయ లాంటి ఆకారం ఒకటి ఉంది. రెండు కొసలూ సన్నం, నడుమ ఒక బొడిపె. చుట్టూ చేపల వలలు చుట్టుకుని ఉండటంతో అంచులు తెలియడం లేదు. ఆ దారిన గ్యాసు పైపులైను వేయబోతున్న కంపెనీ వాళ్లు అది పాత బల్లకట్టు అయి ఉంటుందని తేల్చేశారు. నాకు మాత్రం ఆ బొడిపె జలాంతర్గామి నడుమ లేచి ఉండే బురుజులా కనిపించింది. ఇది బల్లకట్టు అయితే నేను డైవరునే కాదు అని మెస్‌లో అందరి ముందూ అనేశాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తీరం పక్కన జలాంతర్గాములు తిరిగాయనీ, మునిగినవి మళ్లీ పైకి రాలేదనీ మా శాఖలో చేరిన ప్రతివాడూ వింటూ వచ్చినదే. వినడం వేరు, దాని బొమ్మ మన బల్ల మీద ఉండటం వేరు. ఆ రెండు మూడు రోజులూ నాకు అన్నం సరిగ్గా సయించలేదు. పెళ్లిచూపులకు ముందు కూడా నేను అంత హడావుడి పడలేదని మా ఆవిడ ఇప్పటికీ ఎద్దేవా చేస్తుంది.

హడావుడికి కారణం ఇంకొకటి ఉంది. అడ్డంకిని పేల్చి దారి చదును చేసే సిబ్బంది ఆ వారంలోనే రావలసి ఉంది. అది బల్లకట్టు అయితే పేల్చినా నష్టం లేదు. జలాంతర్గామి అయితే అందులో టార్పెడోలు ఉండవచ్చు, అది ఒకటి. అందులో పనిచేసిన మనుషులు అందులోనే ఉంటారు, అది అసలు సంగతి. సమాధిని ఎవరూ పేల్చరు. కానీ అది సమాధి అని ముందు ఎవరో ఒకరు నిరూపించాలి. ఆ ఎవరో మేమే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇప్పుడు నేను దంతెవాడలో ఉంటున్నాను. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, నా పాత ఉద్యోగం సంగతి తెలిసినవాళ్లు సముద్రం అడుగున రంగురంగుల చేపలు కనిపిస్తాయా అని అడుగుతారు. టీవీ చేసిన పాపం అది. మా తీరంలో, ఈ పని ఉన్న యాభై మీటర్ల లోతున, ముక్కు ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనపడదు. దీపం వేస్తే బురద ఇంకా తెల్లగా మెరిసి కళ్లు మూస్తుంది. మా వాళ్లు చేతులతో చూస్తారు, టెలిఫోనులో చెబుతారు. పైన కూర్చున్న సూపర్వైజరు ఆ మాటల్ని బట్టి కాగితం మీద ఆకారం గీసుకుంటాడు.

డైవరు తలకు ఇత్తడి, ఫైబరు కలిపిన శిరస్త్రాణం ఉంటుంది. గాలి గొట్టం, టెలిఫోను తీగ, లాగే తాడు మూడూ కలిపి చుట్టిన లావుపాటి కేబులు ఒకటి నౌక నుంచి అతని దాకా పోతుంది. దాన్ని మేం బొడ్డుతాడు అనేవాళ్లం. యాభై మీటర్ల లోతున మామూలు గాలి పీలిస్తే అందులోని నైట్రోజన్ మనిషికి మత్తెక్కిస్తుంది. రెండు గ్లాసులు కల్లు తాగినవాడిలా ధైర్యం ఎక్కువై, బుద్ధి తక్కువవుతుంది. అందుకని మా నియమం సూటిగా ఉంటుంది: డైవరు మాట తడబడితే, అర్థం లేకుండా మాట్లాడితే, ఇంకేమీ ఆలోచించకుండా పైకి తేవాలి.

మొదటి డైవ్‌లన్నీ వలల్లోనే అయిపోయాయి. మా వాళ్లు ఎంత కోసినా వల ఇంకా మిగులుతూనే ఉంది, కిందికి దారి దొరకలేదు. చివరికి దారి తెరుచుకున్న రోజున, అలలు పెరుగుతున్నాయని వాతావరణ సూచన వచ్చింది. ఇంకొక్క డైవ్, అంతే. నేను లచ్చయ్యను ఎంచుకున్నాను.

లచ్చయ్య లీడింగ్ సీమన్, అంటే నాకంటే రెండు మెట్లు కింది హోదా. ఊరు భోపాల్‌పట్నం అవతల తర్లగూడ. దోర్లా గిరిజన కుటుంబం, వరి పొలం, వేసవిలో తునికాకు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ లైనుకు వచ్చిన రైల్వే మనిషి కావడంతో నేను దంతెవాడలో పెరిగాను. కాబట్టి వందలమంది ఉన్న నౌకలో మేమిద్దరం ఒక జిల్లా మనుషుల కింద లెక్క. నలుగురిలో సార్ అంటాడు, ఇద్దరమే ఉంటే అన్నా అంటాడు. నా శ్రీకాకుళం యాసను వెక్కిరిస్తాడు. ఇంద్రావతి వరద నీళ్లలో ఈత నేర్చినవాడు గనక మురికి నీళ్లంటే అతనికి బెదురు లేదు.

దిగే ముందు శిరస్త్రాణం బిగిస్తుంటే, “జలాంతర్గామి అయితే నాకు బిర్యానీ, బల్లకట్టు అయితే మీకు. పక్కానా సార్?” అన్నాడు. పక్కా అన్నాను.

అడుగుకు చేరాక మొదట మా పద్ధతి ప్రకారం ఇంగ్లీషులో చెప్పాడు: అడుగు చేరాను, బాగున్నాను, వల పక్కకు జరిపాను. ఆ తరువాత వచ్చిన గొంతు వేరు. ఒత్తిడికి గొంతు ముక్కులోంచి వచ్చినట్టు ఉంటుంది, దానికి తోడు వేగం. ఇంగ్లీషు పోయింది, హిందీ కూడా పోయింది.

“గుండ్రంగున్నదే. పీపా లెక్క. అంచు దొరుకుతలేదు. యెనక్కి పోతున్న, సన్నగైతున్నది.”

నా పక్కన మా డైవింగ్ ఆఫీసరు, ఒక లెఫ్టినెంట్, నిలబడి ఉన్నారు. ఉత్తరాది మనిషి, నెమ్మదస్తుడు, నియమం తప్పనివాడు. ఆయనకు వినిపించింది అర్థంకాని గొణుగుడు. మత్తెక్కింది, పైకి తెండి అని హిందీలో చెప్పారు. నియమం ప్రకారం ఆయన మాట సరైనదే. నాకు మాత్రం లచ్చయ్య చెప్పే ప్రతి మాటా అర్థమవుతోంది, కాగితం మీద నా పెన్సిలు దానంతట అదే పరుగెడుతోంది. అతను మతి తప్పలేదు, ఇంటి మాటలోకి దిగాడు, అంతే. అయితే ఆ సంగతి రుజువు చేయాలి గదా. ఒక్క ప్రశ్న అడగనివ్వండి సార్ అన్నాను. ఆయన తల ఊపారు.

“లచ్చయ్యా, దంతెవాడల బస్సెక్కితే మీ ఊరికి ఏ ఊర్ల మీదికెల్లి పోతది?”

“ఇప్పుడా అన్నా?” అని విసుక్కున్నాడు. “గీదం, భైరంగఢ్, బీజాపూర్, మద్దేడు, పట్నం, తర్లగూడ. భైరంగఢ్‌ల చాయ్‌కి ఆపుతడు, ఆడనే అద్ధగంట ఖరాబ్. ఇగ పని చెయ్యనిస్తవా?”

ఊళ్ల వరుసలో ఒక్కటి కూడా తప్పలేదు, పట్నం అంటే మా వైపు భోపాల్‌పట్నమే. విసుగు కూడా అసలైన విసుగు. ఇదంతా లెఫ్టినెంట్‌గారికి హిందీలో చెప్పాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, కొనసాగించండి అన్నారు. ఆ మాటకు ఆయన ఉద్యోగం కూడా పూచీ పడుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

“రెండు పంకాలున్నై అన్నా. పక్కపక్కన. పంకాల మీద అడ్డంగ పలక ఉన్నది, రెక్క లెక్క. ఇటొకటి, అటొకటి.”

నేను కుర్చీలోంచి లేచిపోయాను. నీళ్లలో పైకీ కిందికీ వెళ్లడానికి తోకలో రెక్కలుండేది జలాంతర్గామికే. బల్లకట్టుకు పంకాలే ఉండవు, రెక్కలెక్కడివి? డెక్కు మీద తాడు పట్టుకున్న కుర్రాళ్లు కూడా ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. ఇన్ని దశాబ్దాలుగా ఎవరి చెయ్యీ తగలని దాని మీద మా తర్లగూడ లచ్చయ్య చెయ్యి ఉంది. ఆ క్షణంలో కలిగిన సంతోషం నా ఉద్యోగంలో మళ్లీ కలగలేదు.

ఇప్పుడు లెఫ్టినెంట్‌గారే ఆగలేకపోయారు. పైభాగంలో హ్యాచ్ ఉంటుంది, అంటే మనిషి దిగే గుండ్రటి తలుపు. అది తెరిచి ఉందా, మూసి ఉందా అడగమన్నారు. అది న్యాయమైన ప్రశ్న. తెరిచి ఉంటే మనుషులు బయటపడ్డారేమో, ఖాళీ డొల్లే మిగిలిందేమో అని కంపెనీ వాళ్లు వాదించవచ్చు. మూసి ఉంటే వాదన లేదు. అడుగున ఉండనిచ్చే సమయం ఇంకా కొంచెం ఉంది. నేను అడిగాను. లచ్చయ్య దాని వీపు మీదుగా పాకుతూ ముందుకు వెళ్లాడు.

“దర్వాజ దొరికింది. బందే ఉంది. మీద చక్రం ఉన్నది.”

అది చాలు, వచ్చెయ్ అన్నాను. అతని ఊపిరి వేగం పెరిగింది, టెలిఫోనులో ఆ చప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.

“తిప్పుతున్న. తిరుగుతది.”

“ముట్టకు. పైకి రా.”

“లోపలున్నరు గదా అన్నా. ఇంత దూరమొచ్చి తెరవకుంట ఎట్ల పోతం?”

మాట తడబడలేదు. మాట ఇంతకుముందు ఎంత స్పష్టంగా ఉందో ఇప్పుడూ అంతే స్పష్టంగా ఉంది. బయటివాళ్లెవరైనా వింటే రెంటికీ తేడా చెప్పలేరు. మద్దేడు తరువాత ఏ ఊరు వస్తది చెప్పు అన్నాను.

“తిరుగుతున్నది అన్నా, జరంత తిరిగింది.”

ప్రశ్న అతనికి వినిపించింది, బుర్రకు చేరలేదు. మత్తు ఇప్పుడు ఎక్కింది. తాడు మీద నాలుగు లాగులు, అంటే పైకి రమ్మని గుర్తు, ఇప్పించాను. అటు నుంచి బదులు గుర్తు రాలేదు. బలవంతంగా లాగిద్దామంటే అతను చక్రాన్ని రెండు చేతులతో చుట్టుకుని ఉన్నాడు. గొట్టం ఇనుప అంచు మీద ఒరుసుకుని తెగితే అతను కూడా ఆ లోపలివాళ్లలో కలుస్తాడు. రెండో డైవరును దించబోయారు గాని, అతను చేరేసరికి ఏదైనా జరగవచ్చు.

నేను సూపర్వైజరుగా ఆజ్ఞలు ఇవ్వడం మానేశాను. దోర్లా వాళ్లలో గట్టు అంటారు, వంశం లాంటిది. ఎవరి గట్టువాళ్లు పోతే ఆ గట్టువాళ్లే కర్మ చేయాలి, పరాయివాడు చెయ్యి పెట్టకూడదు. వాళ్ల నాన్న పోయినప్పుడు సెలవు కోసం నా దగ్గరికి వచ్చి లచ్చయ్యే ఇదంతా విడమరిచి చెప్పాడు.

“లచ్చయ్యా, వాళ్లు మీ గట్టోళ్లా?”

అదే ప్రశ్న మళ్లీ అడిగాను.

“కాదు.”

“మరి వేరే గట్టోళ్ల చావు మీద చెయ్యేస్తవా? వాళ్లోళ్లున్నరు, వాళ్లు చూసుకుంటరు. చెయ్యి తియ్యి.”

“తీసిన.”

ఆ క్షణమే లాగమన్నాను. పైకి వచ్చేటప్పుడు రక్తంలో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి నడుమ నడుమ ఆపాలి. మొదటి ఆగుడు దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు మామూలుగా అయింది, ఇంగ్లీషు కూడా తిరిగొచ్చింది. పట్నం సార్, మద్దేడు తరువాత పట్నం అన్నాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అవి తుడుచుకుంటుంటే లెఫ్టినెంట్‌గారు అటు తిరిగి సముద్రాన్ని చూస్తున్నట్టు నిలబడ్డారు.

టెలిఫోను మాటలన్నీ టేపు మీద ఉన్నాయి. నేను వాటిని వరుసగా హిందీలోకి చెప్పాను, లెఫ్టినెంట్‌గారు పై అధికారులకు పంపారు. పేల్చివేత ఆగింది. అలలు తగ్గాక మనిషి లేని కెమెరా యంత్రం దింపి బొమ్మలు తీశారు. పంకాలు, రెక్కలు, మూసిన తలుపు, లచ్చయ్య చెప్పినవి చెప్పిన చోటే ఉన్నాయి. పైపులైనును పక్కకు మళ్లించారు. ఆ చోట లంగరు వేయకూడదని నౌకా పటాల్లో గుర్తు పెట్టారు. బిర్యానీ నేనే పెట్టాను.

లచ్చయ్య ఇప్పుడు తర్లగూడలో పొలం చేసుకుంటున్నాడు. పని మీద భోపాల్‌పట్నం వెళ్లినప్పుడల్లా కలుస్తాను. మత్తులో ఉన్నావురా అంటే ఒప్పుకుంటాడు, ఆ చక్రం మాత్రం తిరిగిందని ఇప్పటికీ గట్టిగా అంటాడు. అతని చేతులకు అది నిజం. నేను వాదించను.

ఆ డైవ్ తరువాత నా దగ్గర శిక్షణకు వచ్చిన ప్రతి సూపర్వైజరుకూ ఒకటే నేర్పాను. డైవరు ఏ భాషలో మాట్లాడుతున్నాడో చూడకండి, ఎంత స్పష్టంగా మాట్లాడుతున్నాడో కూడా చూడకండి. అడిగినదానికి జవాబు చెబుతున్నంతసేపే అతని చేతుల్ని నమ్మండి. కెమెరా బొమ్మల్లో ఆ చక్రం మొదలు చుట్టూ నత్తపెంకులు గట్టిగా పేరుకుని ఉన్నాయి, ఒక్కటీ చిట్లలేదు.