కాపలా దిగని మనిషి

మా తమ్ముడి మీద ఒట్టు, ఇది జరిగింది. కల అనేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. నాతో వాదించి నెగ్గినవాళ్లు తక్కువ.

ఎనభైల మొదట్లో మాట. మాది చిల్లకల్లు. మాకు నీళ్లంటే మున్నేరు, అదీ వానలు పడితేనే. అలాంటి ఊరినుంచి మా తమ్ముడు ఓడల చదువు చెప్పే కాలేజీలో చేరాడు. వాళ్లకి సొంత శిక్షణ ఓడ ఉండేది. రాత్రిళ్లు కుర్రాళ్లు వంతులవారీగా డెక్కు మీద కాపలా కాయాలి. ఒక వానరాత్రి మావాడు తన వంతుకి పైకి వెళ్తే... అప్పటిదాకా కాపలా ఉన్న స్నేహితుడు లేడు. సముద్రంలో వెతికారు. దొరకలేదు.

వీడు సెలవు మీద ఇంటికొచ్చాడు. మర్నాడు తిరుగు ప్రయాణం.

"వెళ్లకురా. ఇక్కడే పక్కన పేటలో ఏదన్నా ఉద్యోగం చూసుకో."

"చూద్దాంలే అక్కా."

ఆ రాత్రి డాబా మీద పడుకున్నాం. ఎండాకాలం. గాలి లేదు. హైవే మీద లారీల రొద కూడా ఆగిపోయింది...

నా పాదం మీద చెయ్యి పడింది.

చల్లగా... తడిగా... ఒకసారి నొక్కి ఆగింది. మళ్లీ నొక్కింది.

కళ్లు తెరిచాను. కాళ్ల దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. మొహం తెలియడం లేదు. టప్... టప్... బట్టల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు. ఆ ఆకారం నన్ను వదిలి తమ్ముడి మంచం వైపు కదిలింది. వంగింది... చెయ్యి చాపింది...

గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు! "వాడు సెలవులో ఉన్నాడు. రాడు. వెళ్లు!"

చెయ్యి ఆగిపోయింది. టప్... టప్... తర్వాత ఏమీ లేదు.

"డాబా మీద నీళ్లు చల్లింది నువ్వే కదే" అంది తెల్లారి అమ్మ, నీళ్ల చప్పుడు సంగతి చెబితే. చల్లాను. సాయంత్రం! అవి ఎప్పుడో ఆరిపోయాయి. నా దుప్పటి కాళ్లవైపు ఉప్పు కట్టి తెల్లగా ఉంది. చెమటట! చెమట పాదాలకే పడుతుందా?

తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మాట్లాడకుండా పాదం నొక్కాడా?"

"నీకెట్టా తెలుసురా?"

"ఓడలో అట్టాగే లేపుతాం అక్కా, పక్కోళ్లకి నిద్ర చెడకుండా. నువ్వేమన్నావు?"

"రాడన్నా."

వాడి మొహం పాలిపోయింది. "బదులు మనిషి వస్తేగాని ఉన్నోడు దిగకూడదక్కా. అది రూలు."

మధ్యాహ్నం బస్సెక్కేశాడు. ఎంత వాదించినా ఆగలేదు.

క్షేమంగానే ఉన్నాడు, దేవుడి దయ. వచ్చిందెవరో, అసలు ఎవరన్నా వచ్చారో లేదో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఓడ ఎక్కిన మొదటి రాత్రి ఏం చేశావురా అంటే, "కాపలా కాశానక్కా" అంటాడు.

ఎవరు దిగితే ఎక్కావురా అని అడుగుతాను.