డబుల్ రగ్గు

దిల్‌సుఖ్‌నగర్‌లో రగ్గు కొంటుంటే షాపతను సింగిలా, డబులా అని అడిగాడు. అలవాటు కొద్దీ డబులే అన్నాను. మా ఆయన పోయాక నాకది మొదటి చలికాలం. బస్సెక్కి, రగ్గు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక గానీ చేసిన పని తెలిసిరాలేదు.

పక్క సీట్లో పెద్దావిడ రగ్గు అంచును వేళ్ళతో నలిపి చూసింది.

“మంచిగుంది. ఇద్దరికి సరిపోతది.”

“నేనొక్కదాన్నేనండి,” అన్నాను. ఎందుకో, అడక్కుండానే ఆయన పోయిన సంగతీ చెప్పేశాను. “ఎన్ని కప్పుకున్నా చలే. తెల్లవార్లూ నిద్ర పట్టదు.”

ఆమె రగ్గు అంచు వదిలి నా వైపు తిరిగింది.

“మీద కప్పుకుంటే ఏడ ఆగుతది బిడ్డా? పక్కన ఖాళీ ఉంటది గదా, సలి ఆడికెల్లే వస్తది.”

తన శాలువా తీసి ఒళ్ళో పరిచింది. దాన్ని సగానికి మడిచి, నా చెయ్యి పట్టుకుని ఆ మడతలోకి దూర్చింది.

“సగం కింద, సగం మీద. నడుమ నువ్వు. గిట్ల పండు.”

శాలువాలో ఆమె ఒంటి వెచ్చదనం ఇంకా ఉంది.

“మీకెవరు చెప్పారండీ?”

“ఎవరు చెప్తరు? నాకు తెలిసేసరికి మూడు సలికాలాలు పోయినయ్.”

ఎల్బీనగర్ రాగానే శాలువా కప్పుకుని దిగిపోయింది.

ఆ రాత్రి రగ్గు మడిచి మధ్యలో దూరాను. పొద్దున పాలవాడు బెల్లు మీద బెల్లు కొడితే గానీ మెలకువ రాలేదు.

ఇప్పటికీ చలికాలంలో బస్సెక్కితే, ఒళ్ళో కొత్త రగ్గు పెట్టుకున్నవాళ్ళ పక్కన సీటు ఖాళీగా ఉందేమోనని చూస్తాను.